మిగతా బొమ్మలు, ఒకే కట్ట

పాస్టెల్ బొమ్మని తట్టకూడదు.
దాని మీద తుమ్మకూడదు, ఊదకూడదు.
నలభై ఏళ్ళుగా పూర్ణా మార్కెట్ సందులో
అద్దాలు కోస్తూ నేర్చుకున్న చదువు ఇదొక్కటే.
ఆ రంగు కాగితంలోకి ఇంకదు.
ఊరికే వచ్చి కూర్చుంటుంది,
మాట తేడా వస్తే లేచిపోయే చుట్టంలాగ.

బీచ్ రోడ్డు హోటల్లో, రెండో అంతస్తులో,
పొట్నూరి లోకనాథం గారి బొమ్మలు వేలం వేస్తున్నారు.
పోర్టులో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా క్రేన్లకి కొలతలు గీసి
సాయంత్రం సుద్దముక్కల డబ్బాతో
జెట్టీ చివర కూర్చునేవారు.
పోయి పదకొండేళ్ళు.
ఇప్పుడు ఆయన మీద నున్నటి కాగితం పుస్తకం వేశారు,
బొమ్మ బొమ్మకీ ఒక నంబరు, ఒక ధర.

నా పని ఎత్తి చూపించడం.
తెల్ల గ్లౌజులిచ్చారు,
బ్యాండు మేళం వాళ్ళ అద్దె కోటులాగ
వేళ్ళ చివర వదులుగా ఉన్నాయి.

వేలం నాకు కొత్త కాదు.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారగట్ట పాట
ఇంతకంటే గట్టిగా సాగుతుంది.
అక్కడ చేప మొప్ప ఎత్తి చూసి గాని పాడరు.
ఇక్కడ చీటీ చూసి పాడుతున్నారు.

లాట్ పదిహేడు. యారాడ కొండ, వాన ముందు.
హైదరాబాద్ పెద్దమనిషి మైకు దగ్గరికి లాక్కున్నాడు:
"చూడండి, లైట్‌హౌస్ కింద ఈ మసక.
చెప్పీ చెప్పనట్టు వదిలేయడం. అదీ చెయ్యంటే."
హాలంతా తలూపింది.
నా మెడ బిగుసుకుపోయింది.

ఆ మసక నాది.
ఒక జూన్ నెల, మధ్యాహ్నం, కరెంటు లేదు.
అద్దం బిగిస్తుంటే నా గడ్డం మీంచి ఒక చెమట చుక్క
సరిగ్గా అక్కడే పడింది.
అక్కడ ఒక పడవ ఉండేది. పడవలో ఇద్దరు.
తుడవబోతే ఇద్దరూ పోయారు, పడవతో సహా.
బొటనవేలితో కొండ నీలం కొంచెం కిందికి లాగి
కప్పేశాను.
లోకనాథం గారు వచ్చి చాలాసేపు చూశారు.
"ఏటి కనకరాజూ, ఒడ్డుకొచ్చీసారా ఆళ్ళు?"
అంతే.
కూలి పూర్తిగా ఇచ్చారు.

లక్షా ఎనభై. లక్షా తొంభై. రెండు.
సుత్తి పడితే బల్ల అదిరింది,
నేను బొమ్మని గుండెకి ఆనించుకున్నాను
అదరకుండా.

చివరాఖర్న లాట్ నలభై మూడు.
మిగతా బొమ్మలు, రకరకాలవి, ఒకే కట్ట:
సుద్దా సిరా బొగ్గూ కలిసినవి,
టీ గ్లాసు అడుగు ముద్ర పడ్డవి,
సగంలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయినవి.
గంప అడుగున మిగిలిన కవ్వళ్ళలాగ
ఎనిమిది వేలకి ఒక ఇంటీరియర్ కుర్రాడు ఎత్తేశాడు.
వరండాలో నన్ను పక్కకి పిలిచి
"బాబాయ్, ఫ్రేములన్నీ టేకు కదా,
బొమ్మలు పీకేసి ఇస్తావా?" అన్నాడు.

నేను కొట్టిన మేకులే. నాకే లొంగాయి.
పద్నాలుగు ఖాళీ చట్రాలు కారెక్కాయి.
పద్నాలుగు కాగితాలు నా చేతుల్లో మిగిలాయి.
ఒకదాని వెనక క్రేన్ కొలత, ఒకదాని వెనక కిరాణా లెక్క,
ఇంకోదాని వెనక పెన్సిలుతో
"రాజు షాపు – ఇరవై బాకీ."
తీర్చారో లేదో నాకు గుర్తు లేదు.

బస్సులో ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను, మల్కాపురం దాకా.
మా ఇంట్లో ఏ కిటికీ తెరిచినా వచ్చేది ఒకటే పొడి,
పోర్టు బొగ్గుది.
వీటిని ఎక్కడ పెడతానో ఇంకా అనుకోలేదు.

కాన్వెంట్ జంక్షన్ దాటాక గుంతలు.
కుదుపు కుదుపుకీ అంచుల్లోంచి
నీలం, కొంచెం కొంచెం, నా మోకాళ్ళ మీంచి కిందికి దిగుతోంది.
ఖాళీ చేపల గంపతో పక్క సీట్లో కూర్చున్నావిడ
వంగి చూసింది.
"ఏటి బావూ అది, రాలిపోతంది?"
"సముద్రమమ్మా" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి
కాళ్ళు పక్కకి జరుపుకుంది.