నలభై ఎనిమిది గ్లాసులు

ఆర్డిత్ కోర్కమ్ శనివారం పొద్దున నిద్రించింది.
తెల్లారితే ప్రభువు బల్ల.
గుడి ఫర్నేసు వెలిగించే ముందు
ట్రే తీసుకెళ్దామని ఆవిడ వంటింటి తలుపు తోశాను.
తువ్వాలు మీద బోర్లించిన గ్లాసులు
ఇంకా చెమ్మగా ఉన్నాయి.
కుర్చీలో ఆవిడ, చేతులు ఆరినవి.

బొటనవేలంత గ్లాసులు.
గుక్కెడు ద్రాక్షరసం కూడా పట్టదు.
యాభై రెండేళ్ళు, నెలనెలా, నలభై ఎనిమిది.
సంఘం ముప్పై మందైనప్పుడూ నలభై ఎనిమిదే,
పందొమ్మిదైనప్పుడూ అంతే.
పోయిన చలికాలం పదకొండుగురం మిగిలాం, పాస్టరుతో కలిపి.
"మిగతావి ఎందుకమ్మా?" అన్నానోసారి.
"రానివాళ్ళ గ్లాసుకే దుమ్మెక్కువ" అంది,
తలెత్తకుండా.

ఫండీ అఖాతం మాది.
పూటపూటకీ సముద్రం లేచి వెళ్ళిపోతుంది,
ఏరు ఎర్ర బురదై పడుంటుంది,
పడవలు పక్కకి ఒరిగి నిద్రపోతాయి.
పదమూడో ఏట, ఏప్రిల్లో, ఆవిడ బాప్తిస్మం.
అప్పటి పాస్టరు ఆటుపోట్ల పట్టికలో వరస తప్పి చూశాడట,
తెల్ల గౌనుల్లో ఐదుగురు పిల్లలు
నీళ్ళు లేని ఏటి ఒడ్డున గంటన్నర.
వచ్చిన కీర్తనలన్నీ అయిపోయి
మొదటిది మళ్ళీ ఎత్తుకున్నారు.
అప్పుడు వంపు దగ్గర కదిలింది
గోధుమరంగు గీత ఒకటి,
చప్పుడు చేసుకుంటూ, ఏటికి ఎదురు.
మునిగి లేచేసరికి మంచుపెళ్ళ తగిలి భుజం వాచింది.
ఆ భుజమే చూపించేది ఎవరు బాప్తిస్మానికొచ్చినా.
"దేవుణ్ణి నమ్మండి, పట్టిక కూడా చూసుకోండి."

పుణ్యాత్మురాలని పాస్టరు అన్నాడు. కావచ్చు.
గుడి తివాచీ రంగు దగ్గర మాటామాటా వచ్చి
వెల్మా టప్పర్‌తో పదకొండేళ్ళు మాట్లాడలేదు.
ఒకే బెంచీ, మధ్యలో కోటు మడిచి పెట్టేది సరిహద్దులా.
వెల్మా తుంటి విరిగిన వారం
రోజూ సూపు పట్టుకెళ్ళింది,
అప్పుడూ మాట్లాడలేదు.

భర్త లోర్న్ గుడి మెట్టెక్కని మనిషి.
ముప్పై ఏళ్ళు బయట ట్రక్కులోనే కూర్చున్నాడు,
ఇంజను ఆపకుండా.
బల్ల రోజున ఆవిడ కోటు కింద ఒక గ్లాసు దాచి
మంచులో చుక్క ఒలకకుండా నడిచేది.
బాప్తిస్మం లేనివాడికి ఇవ్వకూడదు, అందరికీ తెలుసు.
ఆ నాలుగు నిమిషాలూ
సంఘపెద్దలు పాటల పుస్తకంలో
ఏదో వెతుక్కునేవారు.
లోర్న్ తాగేవాడో, మంచులో పోసేవాడో
నాకు తెలీదు. నేనూ వెతుక్కునేవాణ్ణే.

మార్చి నేల. గడ్డపార మోగింది గానీ దిగలేదు.
మే దాకా పెట్టెను రాతిగదిలో ఉంచారు.
మనవరాలు ఏడ్చింది, అలా వదిలేసి ఎలా వెళ్ళడమని.
వెల్మా కర్ర నేలకి కొట్టి అంది,
"దానికి కాసుకుని ఉండటం కొత్తా?
చిన్నప్పుడు నీళ్ళకోసం. ఇప్పుడు మట్టికోసం."
పదకొండేళ్ళకి ఆవిడ గురించి
వెల్మా అన్న మొదటి మాట అది.

మేలో నేల మెత్తబడింది. పూడ్చాం.
పైనుంచి చూస్తే ఏరు ఎండి ఉంది,
నీళ్ళు ఇంకా రాలేదు.

ఇప్పుడు గ్లాసులు నావి.
వేళ్ళు లావు, లోపలికి పట్టవు,
ఆవిడ చీపురుపుల్లకి గుడ్డ చుట్టేదని ఆలస్యంగా గుర్తొచ్చింది.
పదకొండు చాలుకదా అనుకున్నాను మొదటి నెల,
తప్పు, పదే చాలు.
పది కడిగి, దీపం ఆర్పి, మెట్లు దిగి,
మళ్ళీ ఎక్కాను.

ఒకటి చేజారింది.
నలభై ఏడు.