బేచిరాగ్

ఖైరతాబాద్‌లో మూడో అంతస్తు.
లిఫ్టు మీద అతికించిన "మరమ్మతులో ఉంది" కాగితం
సర్వీసులో నాకంటే సీనియర్.
ఒక జిల్లాను గడుల్లో కూర్చోబెట్టడం నా పని.
ఊరు, ఇళ్లు, మనుషులు,
మగ, ఆడ, ఆరేళ్లలోపు.
ఎంటర్ కొడితే ఒక ఊరు పైకి జరిగిపోతుంది,
ఇంకోటి వచ్చి నిలబడుతుంది.
రోజుకు నూట ఇరవై ఊళ్లు దాటుతాను
కుర్చీలోంచి లేవకుండా.

మొదట్లో అంకెలు అంకెల్లాగే ఉండేవి.
ఒకరోజు
ఆరేళ్లలోపు: మగ ఒకటి, ఆడ సున్నా
అని కొట్టాక వేలు ఆగిపోయింది.
ఆ ఒక్కడు
దాగుడుమూతల్లో ఎవర్ని వెతుకుతాడు?

ముచ్చోనిపల్లి దగ్గర వరసంతా సున్నాలు.
ఎవరో కోడి గుడ్లు పేర్చి పోయినట్టు.
తప్పు పడిందనుకుని ఖుర్షీద్ మేడంని పిలిచాను.
అద్దాలు నుదుటి మీదికి తోసి చూసింది.
"తప్పు కాదు బేటా, బేచిరాగ్.
పాత దఫ్తరం మాట.
చిరాగ్ పెట్టే చెయ్యి లేని ఊరు.
సర్వే నంబర్లుంటాయి, హద్దురాళ్లుంటాయి,
మనిషి ఉండడు."
వెళ్లబోతూ నవ్వింది.
"కరెంటు పోతే మా అమ్మీ అనేది,
చలో, మన ఇల్లు కూడా బేచిరాగ్."

ఆ పేరు చీటీ మీద రాసి జేబులో వేసుకున్నాను.
ఆఫీసు కాగితం బయటికి తేకూడదు,
పేరు తేవచ్చో లేదో ఎవరూ చెప్పలేదు.
ఎర్రగడ్డ అడ్డా మీద అడిగాను,
బోరబండలో అడిగాను.
పారలు భుజాన వేసుకున్నవాళ్లు
పని ఇస్తావా, ఊరు అడుగుతావా అన్నారు.
నాలుగో ఆదివారం ఒకతను
సున్నం చేత్తో కోకాపేట వైపు చూపించాడు.

ముప్పై ఆరు అంతస్తుల అస్థిపంజరం,
దాని పాదాల దగ్గర నీలం రేకుల షెడ్లు.
"ముచ్చోనిపల్లా? గిదే గద" అంది మాశమ్మ,
తట్ట దించకుండానే.

ఇళ్ల వరస తప్పలేదు.
తూర్పున కుర్మయ్యోళ్లు, వాళ్ల పక్కన లచ్చవ్వ,
ముందు బొడ్రాయి లెక్క ఒక కాంక్రీటు దిమ్మ.
పడమటి కొసన వాడ.
ఊరికీ వాడకీ నడుమ
పదడుగుల ఖాళీ జాగా,
అది కూడా వెంట తెచ్చుకున్నారు.
ఇన్ని పోగొట్టుకున్న బస్సు ప్రయాణంలో
అదెలా జారిపోలేదో.

"మమ్మల్ని రాసిండ్రా?" అడిగింది.
ఊరికి పోయినవాళ్లకు తాళాలు దొరికాయి.
ఇక్కడికి వచ్చినవాళ్లకు
వీళ్లు ఈడోళ్లు కాదని వాచ్‌మన్ చెప్పాడు.
ఈ రెండు మాటల నడుమ పడ్డవాళ్లను
ఏ గడిలో కొట్టాలో నాకు నేర్పలేదు.

"నూటయిదు మందిమి" అంది మాశమ్మ.
మళ్లీ వేళ్లు మడిచి, విప్పి,
"తిప్పన్నతోటి నూట ఆరు.
మొన్న పద్నాలుగో అంతస్తు కాడ పట్టు జారింది.
తిప్పన్నను ఏడ రాస్తరు సారూ,
ఆడనా, ఈడనా?"
నేను చీటీ మడత సరిచేసుకున్నాను.
"నీదే ఊరు?" అంది, నన్ను కాపాడటానికన్నట్టు.
ఊరు చెప్పాను. జిల్లా దగ్గర తడబడ్డాను.
జిల్లాలు కోసి కుట్టాక
మాది ఎవరి వాటాకు వచ్చిందో
ప్రతిసారీ ఒకసారి తలచుకోవాలి.

షెడ్డులో మూడు రాళ్ల పొయ్యి,
పైన తీగకు వేలాడే బల్బు.
ఎవరి మీటరులోంచో దొంగగా తెచ్చిన కరెంటు,
అయినా వెలుగుతోంది.

సోమవారం వరస తెరిచాను.
సున్నాలకు తాళం పడింది, మారవు.
రిమార్కుల గడి ఒక్కటే ఖాళీ,
నలభై అక్షరాలు పడతాయట.
చిరాగ్ కోకాపేటలో ఉంది, అని కొట్టాను.
ఇంకా చోటు మిగిలింది.
తిప్పన్న, అని కలిపాను.

నేను ఎంటర్ నొక్కేదాకా ఆగి
ఖుర్షీద్ మేడం మెల్లగా చెప్పింది,
రిమార్కులు అచ్చులోకి పోవు బేటా.

తర్వాతి ఊరు అప్పటికే వచ్చి నిలబడింది.
ఇళ్లు అరవై మూడు.