జానెడు, పైన రెండు వేళ్లు

మా తోటికోడలి కొడుకు మోటారుసైకిలు కొన్నాక
చూరు కింద తుప్పు పడుతున్న రేంజర్ సైకిలు
నా చేతికొచ్చింది.
ముందు కేరియర్ లేదు.
అడ్డంగా ఒక హేండిల్, దాని కింద వట్టి గాలి.

వెనక ఉంది కదా, అంటారు అందరూ.
ఉంది.
పోయిన ఎండల్లో దానిమీదే కట్టాను
కోళ్ల మందు ఫ్లాస్కు.
గెడ్డ దిగుడులో ఎప్పుడు జారిందో
మైలున్నర తొక్కుతూనే ఉన్నాను
ఖాళీ కేరియర్‌ని ఊరేగిస్తూ,
కూనిరాగం కూడా తీస్తూ.
వెనక్కి పోయి చూస్తే మూత ఒక పక్క, మంచు ఒక పక్క,
నూరు కోళ్ల మందు ఇసకలో ఇంకిపోతోంది.

మళ్లీ మందు వచ్చేలోగా తెగులు వచ్చింది.
తౌడమ్మ వాకిట్లో పదకొండు కోళ్లు
మెడలు మెలితిరిగి.
ఆవిడ నన్నొక్క మాట అనలేదు.
చీపురు తెచ్చి ఈకలు ఊడ్చింది,
నేను నిలబడ్డ చోటు మాత్రం వదిలేసి.

అందుకే ఈసారి ముందు కావాలి.
నా కళ్ల ఎదటే ఊగాలి.

రాజాంలో సంతనాడు కొట్లన్నీ తిరిగాను.
కూర్మారావు తీగబుట్ట తీసి మళ్లీ లోపల పెట్టేశాడు,
"కింద కేరియర్ లేకపోతే ఇది కూకోదమ్మా" అని.
ఖాకీ సంచి గట్టిదే, లోతెక్కువ.
నింపితే పొట్ట జారి టైరుని నాకుతుంది.
ఇంకొకటి, నల్లది, జిప్పులే జిప్పులు,
ఫోను పెట్టుకోడానికి అద్దం కిటికీ,
వెయ్యిన్నీ రెండొందలు.
నా ఫ్లాస్కు అందులో పడుకుంటుంది, నిలబడదు.
నిలబడాలి.
చేతిసంచి తగిలించుకు పోరాదా, అన్నాడు టీ కొట్టు కుర్రాడు.
తగిలించి చూశాను.
మలుపులో మోకాలిని గుద్దింది,
బ్రేకు తీగని నొక్కింది,
గంట కొడితే గొంతు పట్టినట్టు మూలిగింది.

చీపురుపల్లి రోడ్డులో ఆటో సీట్లు కుట్టే దాలయ్య
నా మాట పూర్తికాకుండానే
సైకిలు ముందు గొంతుక్కూచున్నాడు.
టేపు తియ్యలేదు.
హేండిల్‌కీ టైరుకీ నడుమ చెయ్యి పెట్టి
"జానెడు. పైన రెండేళ్లు.
ఆ రెండేళ్లూ ఒగ్గియ్యాల.
గతుకులో సక్రం ఎగిరితే దానికీ సోటుండాలి గదా.
ఏటేటి మోస్తావు?"
ఫ్లాస్కు, సూదులు, రాసుకునే పుస్తకం,
నా అన్నం గిన్నె.
"అన్నం ఎనక కట్టుకో.
పడిపోతే నువ్వొక్కదానివే పస్తు."

పాత లారీ టార్పాలిన్ కత్తిరించాడు.
దానిమీద ట్రాన్స్‌పోర్ట్‌లోంచి
ఒక్క 'ర్ట్' మిగిలింది.
లోపల ఆటో సీటు స్పాంజి,
నడుమ ఫ్లాస్కుకి గుండ్రటి గూడు.
హేండిల్‌కి ఆనించి వెదురుముక్క ఒకటి,
సంచి తీగల మీద పడకుండా.
పైన రెండు బెల్టులు.
మూడోది సైకిలు మెడకి బిగిస్తూ
"ఇది లేకపోతే సంచి కాదు, ఉయ్యేల" అన్నాడు.
నూట ఎనభై అడిగాడు. నూటయాభై ఇచ్చాను.
ముప్పైకి బదులు
వాళ్లావిడ పుంజుకి రెక్క కింద సూది.

మొదటిరోజు హేండిల్ ఎడమకే లాగింది.
బరువు అలవాటయ్యేదాకా
తాగినదానిలా తొక్కాను, దారిన పోయేవాళ్లు నవ్వారు.
గతుకు వచ్చినప్పుడల్లా ఫ్లాస్కు మూత
టిక్కుమని తల ఊపుతుంది.
గెడ్డ దిగుడులో
దారి చూడలేదు నేను, దాన్నే చూశాను,
కొంచెంలో రాయికెక్కేదాన్ని.

తౌడమ్మ మళ్లీ ఆరు పిల్లల్ని కొన్నాది.
సంచి కేసి చూసింది, నా కేసి కాదు.
బెల్టులు ఒకటి, రెండు, మూడు, వేలితో లెక్కపెట్టి
గంప కింద చెయ్యి పెట్టి
ఒక పిల్లని తీసి పట్టుకుంది.

సైకిలు స్టాండు వేస్తూ వెనక్కి తిరిగితే
అన్నం గిన్నె లేదు.
గెడ్డ దగ్గర కుక్కలుంటాయి, పోనీ.
ముందు చుక్కలమందు తీశాను.