మేట చచ్చే చోటు

మార్చిలో, రాత్రి రెండింటికి, ఓడ నుంచి ఫోను.
"ఇసుక ఉంది జుకిస్వా, నూటపది మీటర్లు.
అంతా నీళ్ళే."
రెండేళ్ళు తెరమీద నేను దిద్దుకున్న గీత
ఒక్క మాటకి ఉప్పులో కరిగిపోయింది.

అందుకే వచ్చాను టాంక్వా కరూకి,
సముద్రం తన అడుగుని ఎండలో ఆరేసుకున్న చోటికి.
ఏడాదికి నాలుగు వేళ్ళ వాన. గొర్రెలు. గాలి.
కొండ పొడుగునా పలకలు పలకలుగా ఇసుకరాయి,
నడుమ నల్లటి అడుసురాయి.

పరీక్షకి చదివే పిల్లలా మళ్ళీ రాసుకుంటాను:
సముద్రం వెనక్కి తగ్గింది.
నది గట్టు కోసుకుని దిగి
మోసుకొచ్చిందంతా లోతుల చీకట్లోకి దొర్లించింది.
ఒక్కో వరదకి ఒక్కో మేట.
సముద్రం తిరిగొచ్చింది.
నది నోరు దూరమైంది, ఇసుక అందలేదు,
వేల ఏళ్ళకి జానెడు బురద రాలింది.
ఆ జానెడే మూత.

మా ఆఫీసులో అందరూ ఇసుకకే మొక్కుతారు.
నేనూ మొక్కాను. లావుగా మెరిసిన చోటే గురిపెట్టాను.

"ఏం వెతుకుతున్నావు?" అంది ఖ్రీత్ ఫోర్టైన్,
గొర్రెల వెనక నుంచి, పొగాకు నములుతూ.
చమురు, అన్నాను.
"ఇక్కడా?"
ఇక్కడ లేదు. అక్కడ, నీళ్ళకింద, ఎలా ఉంటుందో
ఇక్కడ చూసి నేర్చుకోవాలి.
"చచ్చిన గొర్రెని కోసి
బతికున్నదాని కడుపు తెలుసుకుంటావన్నమాట."
నవ్వలేదు. రమ్మని చెయ్యి ఊపింది.

రాయి వెంట నడిచాం.
ఆళ్ళెత్తున ఉన్నది నడుముదాకా దిగింది,
తర్వాత మోకాలు, జాన, బెత్తెడు,
వేలు.
ఆపైన అడుసే.
"లావున్న చోట తవ్వితే దుమ్మే. మా అత్త చెప్పింది.
అది సన్నబడి చచ్చేచోట చూడు,
పోయే దారిలేక నీళ్ళు అక్కడ నిలబడతాయి."

ఆమె నీళ్ళు కిందికి జారి ఆగుతాయి,
నా చమురు పైకి పాకి ఆగాలి.
తలకిందులైనా తాళం ఒకటే.
కానీ నా గీత ఎగువన ఎక్కడా చావలేదు.
మేటకి ఇసుక మోసుకొచ్చిన ఆ పాత కాలువే
మూత కింద దొంగదారిలా తెరుచుకుని ఉంది.
అది నేను చూశాను కూడా.
సన్నగా ఉందని వదిలేశాను.

ఖ్రీత్ ఎనామిల్ కప్పుతో చెలమ తీసింది.
తడి. ఇంకాస్త తడి.
కప్పు బోర్లించి దానిమీదే కూర్చుంది.
"మీ సముద్రంలో ఇంతసేపు కూర్చుంటారా ఎవరైనా?"

ఓడకి రోజు అద్దె ఎంతో చెప్పలేదు.

మొదటి కప్పు కుంటి గొర్రెకి పోసింది.
రెండోది నాకు.
కొంచెం ఉప్పగానే ఉంది.