నూలుపోగంత ఎరుపు

మూడు లాంతర్ల దగ్గర నా ఫ్రేముల కొట్టు.
చీరకొంగులో చుట్టి తెచ్చింది ఆవిడ:
పగిలిన అద్దం, చెదలు కొరికిన టేకు చట్రం,
లోపల తామర మీద లక్ష్మి.

"మా మామ్మ వాళ్ళమ్మది బాబూ. దాలమ్మ.
సిరిమాను సంబరంలో కొన్నాదట, అణాకి."

అణాకే ఎందుకొచ్చిందో చూడగానే తెలిసింది.
రాతి అచ్చు ఇది. ఒక్కో రంగుకీ ఒక్కో బండ.
పసుపు దిగింది, నీలం దిగింది, ఒంటి చాయ దిగింది,
ఎరుపు దగ్గరికొచ్చేసరికి
సముద్రానికవతల ఏ పనివాడికి చెయ్యి జారిందో
నిద్రే తూలిందో,
నూలుపోగంత పక్కకి.
పెదవుల ఎరుపు పెదవుల మీద లేదు,
గడ్డం మీదికి ఒలికింది.

షావుకార్ల హాళ్ళలో ఇదే బొమ్మ, ఇదే తామర,
నిలువెత్తు చట్రాల్లో, పొల్లుపోని పెదవులతో.
తప్పుబొమ్మలన్నీ కట్టగట్టి
బేరగాడు తీర్థంలో గోనె మీద పరిచాడు.

దాలమ్మ వంగి చూసి
"తల్లి ఆకూవక్కా నమిల్నాది" అన్నాదట.
గుడి మెట్టు తొక్కనివ్వని మనిషి
తల్లిని చంకన పెట్టుకుని
కోట పక్కనుంచే నడిచెళ్ళింది.

మెళ్ళో కాకిబంగారం రేకులు, గంజితో అంటించినవి.
ఒకటి ఊడిన చోట ఇంకొకటి, దాని మెరుపు వేరు,
కూతురి చేతిదేమో.
అడుగున చీమల బారులా పరాయి లిపి,
అచ్చు కంపెనీ ఊరూ పేరూ అయ్యుంటుంది.
ఆ ఇంట్లో అది బీజాక్షరం.
అన్ని తరాల పసుపూ
దాని మీదే మందంగా పేరుకుంది.

మావాడు ఫోన్లోంచి తలెత్తాడు:
"స్కాన్ చేసి ఎరుపు కరెక్టుగా పెట్టేద్దాం మామ్మా,
రెండొందలే."
"ఏటికి?" అంది ఆవిడ.
వాడి దగ్గర జవాబు లేదు.

మేకులు పీకి, బ్లేడుతో అంచు గీసి
అద్దం పైకెత్తాను.
నూరేళ్ళ చెమ్మ.
కాగితం వదిలింది, ఎరుపు వదల్లేదు.
అద్దంతో పాటే లేచొచ్చేసింది
తిరగబడి, గోరంత.
లక్ష్మి నోరు తెల్లబోయింది.
నాదీ.

ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది.
ఆ పనివాడి పేరు తెలిస్తే బావుణ్ణనిపించింది.

ఆవిడ తిట్టలేదు. కొత్త అద్దం బిగించాక
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి,
చెత్తడబ్బాలోకి చెయ్యి పెట్టబోయింది.
కోసుకుంటుందని నేనే ఏరి
పేపర్లో చుట్టిచ్చాను.

ఆటో ఎక్కుతుంటే
ఒడిలో రెండు పొట్లాలు.
ఒకదాంట్లో తల్లి,
ఇంకోదాంట్లో తాంబూలం.