యతి దగ్గర గంట

పగలు నేను మిర్చి యార్డులో కాటా గుమస్తాని.
రాత్రిళ్లు అరండల్‌పేట హాల్లో, పక్క తెర చాటున,
ప్రాంప్టర్ని.
నా గొంతు జనానికి వినపడకూడదు. అదే ఉద్యోగం.

పోటీల ఆఖరి రోజు.
ముందు వరసలో పానకాలరావు మాస్టారు, ఒళ్లో పూజగంట.
యతి తప్పిందా, టింగ్.
రాగం మరీ సాగదీస్తే గంట కొట్టడు,
చేతి గడియారం చూసుకుంటాడు. అది ఇంకా అవమానం.

రాణి వేషం నాగమల్లీశ్వరిది.
పదకొండేళ్లుగా ఆమెకి మాటలందిస్తున్నా.
ఒక్కటీ నాది కాదు.

నలభయ్యో పేజీ తిప్పితే నలభై మూడు!
మధ్య కాగితంలో సాయంత్రం
మన హార్మోనిస్టు సిలార్ సాహెబ్ పునుగులు చుట్టుకున్నాడు.
అదే సాహెబ్ ఇప్పుడు శ్రుతి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.
ఆమె కంటికొస నా వైపు తిరిగింది.
నా చొక్కాలోంచి యార్డు కారం ముక్కుకెక్కుతోంది.
తుమ్ము బిగబట్టి, నోటికొచ్చింది అందించా.
ఆమె మోహనలో ఎత్తుకుంది:

మిర్చి ఘాటు కన్న మీ చూపు ఘాటెక్కు
కళ్ల నీళ్లు తెచ్చు, గాని తీపి
తూచి చూడలేను, తూకాన కందదు
బేరమేమి లేదు, ఒప్పుకుంటె

టింగ్!

నోరు తెరిచిన రాజుగారికి మీసం ఒక పక్క ఊడింది.
మాస్టారు లేచాడు: "ఏ యుగంలోదయ్యా ఈ మిరపకాయ?"
వెనక బెంచీల మీద మా యార్డు హమాలీలు:
"మా యుగంలోదే! వన్స్ మోర్!"

వన్స్ మోర్ అంటే పాడాల్సిందే. అదీ సంప్రదాయమేగా.
ఈసారి ఆమె రాజుని వదిలేసి
పక్క తెర వైపు తిరిగింది.
మూడు పాదాలు అవే. నాలుగో దాంట్లో కాస్త ఆగి,
జారిన గాజు వెతుక్కున్నట్టు వెతుక్కుని,

బేరమేమి లేదు, ప్రేమ తప్ప

గంట ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.
బేకి ప్రే. కొట్టడానికి లేదు.
నేను భయపడి దాటేసిన మాటని
ఆ ముసలాయన నియమమే చెవి పట్టుకుని లాక్కొచ్చింది.

బహుమతి చిలకలూరిపేట వాళ్లకి పోయింది.
మా మార్కుల కాగితం మీద ఎర్ర సిరా:
"భాషా సంకరం. కథతో సంబంధం లేదు.
పద్యం ఎవరిది? ఒకసారి ఇంటికి పంపండి."

కిరీటం పిన్నులు తీసుకుంటూ ఆమె అంది,
"పోయిన కాగితంలో ఇంకో రెండు పద్యాలున్నాయిగా.
ఎల్లుండి తెనాల్లో ఆట. ఏం చేద్దాం?"

అప్పుడొచ్చింది తుమ్ము.