ఆకుపచ్చ గుడ్డ

ఆల్బోర్గ్‌లో జనవరి. తొమ్మిదవుతున్నా
కిటికీ అద్దాన్ని రాత్రి ఇంకా వదల్లేదు.
బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరిచాను,
మా గురువుల నాటినుంచీ ఇక్కడ పరీక్షంటే ఇదే రంగు.
దానిమీద బోర్లించిన చీటీలు, కాఫీ ఫ్లాస్కు,
పై ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు ఎబ్బె కళ్ళజోడు.

మాకు డబ్బొచ్చే పద్ధతిని టాక్సీ మీటరంటారు.
వెటకారం కాదు, సర్కారు వాళ్ళే పెట్టుకున్న పేరు.
గట్టెక్కిన ప్రతి పరీక్షకీ మీటరు ఒకసారి తిరుగుతుంది.
తప్పినవాడు ఎంతదూరం వచ్చాడో
ఎవరూ అడగరు.
దిగలేదుగా, బాడుగ లేదు.

డాగ్నీ వచ్చింది. మూడోసారి. నాలుగోది ఉండదు.
తూబొరన్ రేవు పిల్ల,
రాత్రంతా చేపల గోదాములో పెట్టెలు పేర్చిన
ఆ వేళ్ళతోనే చీటీ తీసింది:
ఇసుక తీరాన అల విరిగే లోతు.

సూత్రం సగం రాసి
సుద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది.
నేను గడియారం వంక, ఎబ్బె నా వంక.
"సముద్రం నేల కదలదనుకుని రాశారు ఇది" అంది.
"మా దగ్గర ప్రతి తుపానుకీ నేల లేచిపోతుంది.
మా నాన్న నిరుటి మ్యాపుని నమ్మడు.
మరి లోతు ఎక్కణ్ణించి కొలవాలి?"

ఇరవై రెండేళ్ళుగా
ఆ సూత్రం చెబుతున్నాను నేను.

బయట కూర్చోమన్నాం.
సున్నా-సున్నా అయితే తప్పినట్టు, సున్నా-రెండయితే నెగ్గినట్టు.
నడుమ ఇంకో అంకె లేదు.
నిన్ననే డీన్ ఉత్తరం: ఈ ఏడు కూడా పాసులు తగ్గితే
అలల తొట్టి ఉన్న గదికి తాళం.
ఎబ్బె ఆ ఊసెత్తలేదు. గొంతు సవరించుకుని
"సున్నా-రెండు ఇవ్వచ్చేమో" అన్నాడు.
నాకూ అదే అనిపించింది,
ఎందుకనిపించిందో మాత్రం తేల్చుకోలేకపోయాను.
ఆ పిల్ల ప్రశ్న కోసమా, తొట్టి కోసమా?
దయ అనుకుంటున్నదాంట్లో
దయ ఎంత, బాడుగ ఎంత?
ఒకప్పుడు ఈ గుడ్డ ముందు కూర్చుని
తప్పో ఒప్పో నిబ్బరంగా అనగలిగేవాణ్ణి.
ఇప్పుడు నా మంచితనమే
చెవి దగ్గర టిక్కుటిక్కుమంటోంది.

సున్నా-రెండు వేశాం.
పిలిచి చెప్పాను. తలూపింది,
కదల్లేదు.
"ఇంతకీ జవాబు?" అంది.

కొత్త సుద్దముక్క తీసి ఆమెకిచ్చాను.
తర్వాతి కుర్రాడు తలుపు తట్టాడు,
కాసేపాగి మళ్ళీ తట్టాడు.